పళ్లెం అందించినట్టు

మా బడి వెనక తొమ్మిది ఇనప బుట్టలు నాటారు.
నాటారు అనే అనాలి.
గుంత తవ్వి, సిమెంటు పోసి, అది గట్టిపడేదాకా
కలెర్వో రెండు రోజులు కాపలా కాశాడు,
లేత మొక్కకి కాసినట్టు.

ప్రతి బుట్ట మీదా ఒక గొలుసుల కుచ్చు వేలాడుతుంది.
దూరంనించి ప్లాస్టిక్ బిళ్ల విసిరితే
గొలుసులకి తగిలి ఘల్లుమని బుట్టలో పడాలి.
డిస్క్ గోల్ఫ్ అంటే అంతే.
ఈ కైనూ అడవుల్లో పెద్దవాళ్ల మైదానాలు చాలా ఉన్నాయి,
చెరువు మీంచి విసిరేవి, విసిరి ఏడ్చేవి.
మాది అలాంటిది కాదు.
మొదటి బుట్ట కలెర్వో అడుగుల్లో నలభై,
ఒకటో తరగతి ఓత్సో అడుగుల్లో తొంభై.
మధ్యలో ఒక్క చెట్టు లేదు.
"మొదటి బుట్టే ఏడిపిస్తే
రెండోదాని దగ్గరికి ఎవడొస్తాడు?" అంటాడు కలెర్వో.
బడికి తాళాలు వేసేది, తీసేది, మంచు ఊడ్చేది అతనే.

నేను వంటమనిషిని.
గురువారం గురువారం బఠానీ సూపు కలుపుతూ
కిటికీలోంచి నాలుగో బుట్టని చూస్తాను.
పరువు తీసే బుట్ట అదొక్కటే.
సైకిళ్ల షెడ్డు దగ్గర బిళ్ల మలుపు తిరగాలి.
తిరగదు.
షెడ్డు కప్పు మీద నారింజ, గులాబి, ఆకుపచ్చ,
వానకి మొలిచిన పుట్టగొడుగుల్లా.
శుక్రవారం కలెర్వో నిచ్చెన వేసుకుని
బిళ్లల వెనక రాసిన పేర్లు
హాజరు పట్టీ చదివినట్టు పిలుస్తాడు.
పిహ్లా ఎప్పుడూ రెండుసార్లు పలుకుతుంది.

ఓత్సో తెల్ల బిళ్ల కొనుక్కున్నాడు.
ఆర్నెల్లు మంచు ఉండే ఊళ్లో
తెల్లది కొంటాడా ఎవడైనా!
అక్టోబరులో మొదటి మంచు రోజునే పోయింది.
ఏడో బుట్ట చుట్టూ వెతికి వెతికి
ఇంటికి తీసుకెళ్లే టాక్సీ తప్పిపోయి
నా వంటింట్లో కూచుని
మిగిలిన అట్లు మూడు తిన్నాడు.
"పోయిందిలే నాయనా" అన్నాను.
"పోలేదు. ఉంది. కనబడట్లేదు."
నాలుగో అట్టు వేశాను.

చలికాలమంతా విరామంలో
స్కీ కర్రతో మంచుని గుచ్చుతూనే ఉన్నాడు.
మిగతా పిల్లలు నవ్వడం మానేసి
డిసెంబరులో తామూ ఓ చెయ్యి వేశారు,
జనవరిలో మర్చిపోయారు.

ఒక రోజు, మూడింటికే చీకటి పడే రోజుల్లో,
బుట్టలకి దారి తవ్వుతున్న కలెర్వో
నా చేతిలో ఒక బిళ్ల పెట్టాడు.
నావల్ల కాదన్నాను. నా మోకాళ్ల సంగతి చెప్పాను.
"ఇరవై ఆరేళ్లుగా బల్ల అవతలికి
పళ్లెం అందిస్తున్నావుగా, అదే ఇది.
వదిలెయ్యడం ఒక్కటే కొత్త."

మొదటిది బర్చ్ చెట్టుకి తగిలింది.
రెండోది నా వెనక్కే వెళ్లింది, ఎలాగో ఇప్పటికీ తెలీదు.
తర్వాతవి లెక్కపెట్టలేదు.
చేతివేళ్లు మొద్దుబారాక ఎప్పుడో
చీకట్లో గొలుసులు ఘల్లుమన్నాయి.
ఎవరిదో అనుకుని చుట్టూ చూశాను.
ఇంకెవరూ లేరు.

ఏప్రిల్లో మంచు కరిగింది.
ఏడో బుట్ట దగ్గర కాదు,
నా కిటికీ కిందే, చెత్త డబ్బా పక్క బురదలో
అంచు ఒకటి తేలింది.
కడిగాను. వెనక నీలి సిరాతో వంకర అక్షరాలు,
ఆఖరి అక్షరం తలకిందులు.

నడిచి వెళ్లి చేతికివ్వచ్చు.
నలభై అడుగులు కూడా లేదు.
కానీ వాడు షెడ్డు ముందు నిలబడి చూస్తున్నాడు,
నా చెయ్యి అప్పటికే పక్కకి తిరిగింది,
పళ్లెం అందించినట్టు,
వదిలేశాను.

అందంగా లేచింది.
వాడి తల మీంచి అందంగానే వెళ్లి
షెడ్డు కప్పెక్కింది.

ఆ రోజు మంగళవారం.
నేను ఏప్రన్‌లో చేతులు దాచుకున్నాను.
ఓత్సో మెడ ఎత్తి చాలాసేపు చూశాడు.
"ఉంది" అన్నాడు.
"కనబడుతోంది కూడా."